మిర్చికి పెట్టిన పచ్చి నెత్తళ్ళు

2022 వానాకాలం. పోర్ట్ బ్లెయిర్‌లో వానలు పట్టాయంటే ఉతికిన బట్ట ఆరదు, గోడలకి చెమటలు పోస్తాయి, మెయిన్‌ల్యాండ్ నుంచి రావలసిన ఓడ ఇవాళ వస్తుందో వచ్చే వారం వస్తుందో జెట్టీలో వాళ్ళకే తెలియదు. డిగ్నాబాద్‌లో మా ఇంటి కింది వాటాలోనే నా క్లినిక్. ఒక టేబులు, ఒక త్రాసు, మందుల ఫ్రిజ్, బయట వరండాలో రెండు బెంచీలు. నేను పశువుల డాక్టర్ని. మా తాత శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి వచ్చి ఇక్కడ వల వేసుకు బతికిన మనిషి. నేను చదువుకి ఆంధ్రా వెళ్ళి, అక్కడి ఎండకి తాళలేక మళ్ళీ ఇక్కడికే వచ్చి పడ్డాను. ఇరవై ఏళ్ళు దాటిన ఈ పనిలో నాకు మందుల పేర్ల కంటే తిట్లే ఎక్కువ వచ్చని మా ఆయన అంటాడు. జంతువుల్ని తిట్టను లెండి, తెచ్చినవాళ్ళనే.

ఆ జూలైలో ఒక సాయంత్రం నాగమణి వచ్చింది. షాదీపూర్‌లో ఉంటుంది, స్కూల్లో లెక్కలు చెబుతుంది. వాళ్ళాయన దీవుల మధ్య తిరిగే ఓడలో ఇంజన్ దగ్గర పని చేస్తాడు, నెలలో సగం రోజులు నీళ్ళ మీదే. ఆమె చేతిలో మూత ఉన్న ప్లాస్టిక్ బుట్ట ఉంది, లోపల ఏదో గీకుతోంది.

"దీదీ, చూసి భయపడకండి" అంది.

"ఆవు పొట్టలో మోచెయ్యి దాకా పెట్టి దూడని లాగినదాన్ని. నన్నేం భయపెడతావు గానీ మూత తియ్యి" అన్నాను.

రెండు తలకాయలు ఒకేసారి పైకొచ్చాయి. మన ముంగిసలా పొడుగాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, చిన్న మొహం. ఒకటి ముదురు గోధుమ రంగు, కళ్ళ చుట్టూ గంతలు కట్టినట్టు నల్లటి చార. అది మగది, పేరు మిర్చి. రెండోది తెల్లటి ఆడది, మోతీ. వీటిని ఫెర్రెట్లు అంటారు. పక్కింట్లో ఉన్న నేవీ వాళ్ళకి బదిలీ అయితే, తీసుకెళ్ళే వీలు లేక నాగమణి చేతిలో పెట్టి వెళ్ళిపోయారట. నిజం చెప్పొద్దూ, ఫెర్రెట్‌ని పుస్తకంలో చూడడమే గానీ చేత్తో పట్టుకోవడం నాకదే మొదలు. ఆ మాట నాగమణితో అనేశాను కూడా. అప్పటికింకా నాకు అంత నిజాయితీ ఉంది.

సమస్య తిండితో వచ్చింది. ఈ రెండూ పుట్టినప్పటినుంచీ కిబుల్ తిని పెరిగాయి. కిబుల్ అంటే గోళీల్లా గట్టిగా, పొడిగా ఉండే ఫ్యాక్టరీ మేత. చెన్నై నుంచి ఓడలో పార్సిల్ రావాలి, రాలేదు. ఇంట్లో మిగిలిన సంచీకి ఈ తేమలో బూజు పట్టింది. డబ్బా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది, తడిసిన గోనెపట్టా కంపు. ఊళ్ళో దొరికే పిల్లుల మేత పెట్టి చూసిందట, ముక్కుతో నెట్టి పారేశాయట.

"తినకపోతే ఆకలేసి అవే తింటాయి కదా దీదీ?" అంది.

"కుక్కకైతే సరే, వీటికి కుదరదు" అన్నాను. అలమరలోంచి పుస్తకం దించి, ఆ పేజీలో ఉన్నది గడగడా చదివేశాను. ఫెర్రెట్ పేగు చాలా పొట్టి. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది. ఒక పూట పస్తు పెడితే రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతుంది. అలాగని కొత్తది పెడితే తినదు. పిల్లగా ఉన్నప్పుడు ఏ వాసన తిండి అని ముక్కుకి పడితే, పెద్దయ్యాక కూడా అదే తిండి. దీన్ని ఇంప్రింటింగ్ అంటాం. ఆ ముక్కుకి పచ్చి మాంసం తిండిలా తోచదు, వస్తువులా తోస్తుంది.

అయినా పచ్చి మాంసానికే మార్చాలని ఇద్దరం అనుకున్నాం. ఓడని నమ్ముకుంటే ఇవి బతకవు. కోడి మాత్రం వీధి చివర రోజూ దొరుకుతుంది. ఎలా చెయ్యాలో ఒక కాగితం మీద రాసిచ్చాను. మాంసమంటే మనం కూరకి ఏరుకునే మెత్తటి ముక్క కాదు. ఎముకతో ఉన్న మెడ, రెక్క, గుండెకాయ, కొంచెం లివరు అన్నీ ఉండాలి. అన్నిటినీ చికెన్ షాపులో మెత్తగా రుబ్బించి, గోరువెచ్చటి నీళ్ళు కలిపి జారుగా చెయ్యాలి. మా పుస్తకాల్లో దాన్ని సూప్ అనే అంటారు. బూజు పట్టని నాలుగు కిబుల్ గింజలు ఏరి పొడి చేసి, వాసన కోసం పైన చల్లాలి. ఆ పొడి రోజురోజుకీ తగ్గించుకుంటూ రావాలి. మొదట్లో అది తినదు కాబట్టి వేలితో పెదవికి రాయాలి. నాలుగు గంటలకోసారి. రోజూ తూకం వెయ్యాలి.

"నేను పొద్దున వెళ్తే మూడింటికి గానీ రాను. మధ్యలో ఎవరు రాస్తారు?" అంది నాగమణి.

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మా మావయ్య ఉన్నారు. కానీ ఆయనకి వీటిని చూస్తే పడదు."

ఆ మావయ్య పేరు అప్పలస్వామి. ఈ దీవుల్లోనే పుట్టాడు. జీవితమంతా పడవ నడిపే సారంగుగా చేసి రిటైరయ్యాడు. అప్పటికి డెబ్భై నాలుగేళ్ళు. మర్నాడు కోడలి వెంట క్లినిక్‌కి వచ్చాడు, వేలితో రాయడం ఎలాగో చూపించమని. గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"ఏటమ్మా ఈ యేషాలు? ముంగిసకి ముద్దలు పెట్టీ రోజులొచ్చీసినాయా?"

"పెట్టకపోతే చస్తాయి బాబాయ్."

"అరే బాబా, సావనీమని అన్నానా? ఇలా ఇయ్యి" అని బుట్ట లాక్కున్నాడు.

నేను చూపించిన దానికంటే బాగా చేశాడు. వేలి కొసకి సూప్ అద్ది, మిర్చి దవడ పక్కనించి మెల్లగా లోపలికి జార్చాడు. మిర్చి వెనక్కి వెనక్కి పాకి, నాలుక బయటపెట్టి, మమ్మల్ని అందర్నీ విషం పెట్టినవాళ్ళని చూసినట్టు చూసింది. ముసలాయన మాత్రం చిన్నపిల్లని బుజ్జగించినట్టు "ఒక్కపాలి నాకరా నాన్నా, ఒకే ఒక్కపాలి" అంటూ కూర్చున్నాడు. ఆ మొదటి వేలు నాకడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

మూడు వారాలు అలా నడిచింది. మోతీ తొందరగా దారికొచ్చింది. పదో రోజుకల్లా రెక్క ఎముకని కటకటా నమిలేసింది. ఫెర్రెట్లకి తిండి దాచుకునే అలవాటు ఒకటుంది. మోతీ ఒక మెడ ముక్కని తీసుకెళ్ళి నాగమణి దిద్దడానికి తెచ్చుకున్న పేపర్ల సంచీలో దాచింది. మూడో రోజు స్టాఫ్ రూమ్‌లో అందరూ ముక్కులు మూసుకున్నాక బయటపడింది. "పిల్లల మార్కుల మీద కోడి రసం కారింది దీదీ" అని ఫోన్ చేసి లబలబలాడింది. నేను నవ్వాపుకోలేకపోయాను.

మిర్చి మాత్రం మొండిది. సూప్ దాకా వచ్చింది గానీ, అదీ ముసలాయన వేలి మీద ఉంటేనే. గిన్నెలో పెడితే ముట్టదు, నాగమణి వేలు పెడితే కొరుకుతుంది. పదకొండు వందల యాభై గ్రాములుండేది, వెయ్యీ యాభైకి దిగింది. ప్రతి సాయంత్రం నాగమణి తూకం మెసేజ్ పెట్టేది, నేను చూసి నిట్టూర్చేదాన్ని. ముసలాయనకి మాత్రం లోలోపల గర్వం. "ఆడు నా సేతిదే తింటాడమ్మా" అని వీధిలో అందరికీ చెప్పుకునేవాడట.

ఆగస్టులో మళ్ళీ ఓడలు ఆలస్యమయ్యాయి. కోడిపిల్లలూ వాటి దాణా కూడా ఓడ మీదే రావాలి కాబట్టి, చికెన్ షాపులు ఒకటొకటిగా మూసేశారు. ఒకరోజు పదకొండు గంటల వేళ అప్పలస్వామి బాబాయ్ ఫోన్ చేశాడు. నేను ఒక లాబ్రడార్‌కి ఇంజక్షన్ ఇస్తున్నాను. దాని మూతి నా చంకలో ఉంది, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఉంది.

"డాక్టరమ్మా, షాపులో కోడి లేదు. పచ్చి నెత్తళ్ళు పెట్టీమంటావా? జెట్టీలో ఇప్పుడే దిగినాయి, మెరిసిపోతన్నాయి."

"సముద్రం మధ్యలో కూచుని చేప మంచిదా అని అడుగుతావేంటి బాబాయ్! పెట్టెయ్."

"ఉడకబెట్టక్కర్లేదా?"

"ఎందుకూ? మనం నేర్పుతున్నదే పచ్చి మేత కదా. అలాగే పెట్టు."

అంతే. అర నిమిషం కూడా పట్టని మాట. ఎన్ని రోజులు పెడతావు అని అడగలేదు. కోడి దొరికాక మానెయ్ అని చెప్పలేదు. చేప అనేసరికి నా లోపలి డాక్టరు పక్కకి తప్పుకుని, చేపల ఇంట్లో పుట్టిన పిల్ల మాట్లాడింది. మా ఇళ్ళల్లో చేప చెడు చేస్తుందంటే తల్లి చెడు చేస్తుందన్నట్టే. తాజా చేపని శంకించడం మాకు చేతకాదు.

మిర్చి నెత్తళ్ళ మీద పడి తిన్నదట. మొదటిసారి గిన్నెలోంచి తనంతట తను. ఆ సాయంత్రం వచ్చిన మెసేజ్‌లో తూకం ముప్పై గ్రాములు పెరిగింది. నాగమణి దండం పెట్టే బొమ్మ పంపింది. ఏం తింటోంది అని నేనడగలేదు, అడగాలని తోచలేదు. తర్వాత చికెన్ షాపులు తెరిచారు. మోతీ మళ్ళీ రెక్కలకి వెళ్ళింది. మిర్చికి మాత్రం ముసలాయన రోజూ తెల్లారగానే జెట్టీకి వెళ్ళి నెత్తళ్ళు, అవి లేని రోజున కవ్వ చేపలు తెచ్చి పెడుతూ వచ్చాడు. ఆరు వారాలు. దాని జుట్టు నిగనిగలాడుతోందని అందరూ మెచ్చుకుంటే ఆయన ఛాతీ పొంగిపోయేదట.

సెప్టెంబర్ చివర్లో ఒక శనివారం మధ్యాహ్నం ఆటో దిగి ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. మిర్చి టవల్లో ఉంది. తల ఛాతీ మీదికి వాలిపోయి ఉంది, ఎత్తలేకపోతోంది. టేబులు మీద పెడితే వెనక కాళ్ళు చెరోవైపు జారిపోయాయి. నేను చూస్తుండగానే ఒళ్ళంతా బిగుసుకుని కొట్టుకుంది. ఫిట్స్.

మొదట చక్కెర పడిపోయిందనుకున్నాను. రక్తం చుక్క తీసి చూస్తే మామూలుగానే ఉంది. వడదెబ్బేమో అని జ్వరం చూశాను, లేదు. ఎలుకల మందేమైనా తిందా అంటే ఇంట్లో అసలు లేదన్నారు. ఇరవై ఏళ్ళ అనుభవం ఎందుకు, తగలెయ్యడానికా అనుకున్నాను.

"రెండోదెలా ఉంది?"

"మోతీ బాగానే ఉంది దీదీ, ఇల్లంతా గెంతుతోంది."

"రెండూ ఒకే తిండి కదా తింటున్నాయి?"

అప్పుడు ముసలాయన చేతిలోని స్టీలు డబ్బా మూత తీశాడు. ఆసుపత్రిలో ఉంచేస్తారేమో, దానికి ఆకలేస్తుందేమో అని తిండి తెచ్చాడు. లోపల వెండిలా మెరుస్తున్న పచ్చి నెత్తళ్ళు. "ఏటీ తక్కువ సెయ్యలేదమ్మా. రోజూ ఇయ్యే. ఒక్కటి కూడా వాసనొచ్చింది పెట్టలేదు" అన్నాడు.

కాలేజీలో ఒక మధ్యాహ్నం క్లాసు, ఉక్కపోత, సగం నిద్ర. చలి దేశాల్లో బొచ్చు కోసం నక్కల్ని పెంచే ఫారాల్లో పచ్చి చేపలే మేపితే, మెడలు వాలి, ఫిట్స్ వచ్చి చచ్చాయని మా మాస్టారు చెప్పిన పాఠం కళ్ళ ముందుకొచ్చింది. కొన్ని రకాల చేపల్లో థయామినేజ్ అనే పదార్థం ఉంటుంది. అది థయామిన్‌ని, అంటే బి-వన్ విటమిన్‌ని, ముక్కలు చేసేస్తుంది. ఆ విటమిన్ లేకపోతే మెదడుకి బలం అందదు. నెత్తళ్ళూ కవ్వలూ ఆ జాబితాలోవే. ఉడకబెడితే ఆ పదార్థం చచ్చిపోతుంది. పచ్చిగా ఒకటి రెండు రోజులు పెడితే ఏమీ కాదు. ఆరు వారాలు ఇంకేమీ లేకుండా పెడితే ఇదిగో, ఇలా.

బి-వన్ ఇంజక్షన్ నా అలమరలో ఉంది, దేవుడి దయ. చర్మం కింద ఇచ్చి, ఫిట్స్ ఆగడానికి ఇంకొకటి ఇచ్చి, విషయం వాళ్ళకి చెప్పాను. పచ్చి చేప వల్ల వచ్చిందని చెప్పాను. అక్కడికి ఆపేశాను.

నాగమణి మొహం ఎర్రబడింది. మావగారి మీద గొంతు ఎత్తడం నేనెప్పుడూ వినలేదు. "ఎవరిని అడిగి పెట్టారు మావయ్యా? దీదీని అడిగే పెడుతున్నారనుకుని నేనూ ఊరుకున్నాను. దీదీ రాసిచ్చిన కాగితంలో చేప అని ఎక్కడైనా ఉందా?"

ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఒక్క క్షణం. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. చెప్పాలి కూడా. ఆయన చూపు దించేసి, డబ్బా మూత పెట్టాడు.

"ఎవలు సెప్తారే? నాకే తోచింది. ముసిలోడి బుద్ధి, గడ్డి తింది."

అదే నేను నోరు విప్పాల్సిన చోటు. విప్పలేదు. తేలు కుట్టిన దొంగలా అటు తిరిగి, అవసరం లేని సిరంజి కడగడం మొదలుపెట్టాను. వరండాలో ఇంకో ముగ్గురు కుక్కల్ని పట్టుకుని వింటున్నారని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. అందర్నీ నోటికొచ్చినట్టు తిట్టే మనిషికి తన వంతు వచ్చేసరికి మాట పెగల్లేదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

సాయంత్రం ఆరయ్యేసరికి మిర్చి మెడ ఎత్తింది. ఈ జబ్బులో మందు సమయానికి పడితే అంత తొందరగానే తేరుకుంటుంది. మర్నాడు తూలుతూ నాలుగడుగులు వేసింది. సోమవారం ఇంటికి పంపాను. చేప పూర్తిగా బంద్, కోడి సూపే, విటమిన్ రోజూ అని రాసిచ్చాను. గండం గట్టెక్కిందనుకున్నాను.

శుక్రవారం నాగమణి ఫోన్. గొంతు నీరసంగా ఉంది. "దీదీ, మిర్చి తినడం లేదు. సెలవు పెట్టి కూచున్నాను. నా చేతిది ముట్టదు, సిరంజితో పోస్తే కక్కేస్తోంది. తూకం తొమ్మిది వందల ఎనభై."

"బాబాయ్‌ని పెట్టమను."

"ఆయన దాని దగ్గరికే రావడం లేదు. నా చెయ్యి మంచిది కాదు అంటారు. పూటకి నాలుగుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంటున్నారు. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. నేను ఆ రోజు అరిచినందుకేమో అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. నీ తప్పేం లేదే అంటారు, వెళ్ళి అరుగు మీద కూచుంటారు."

ఫోన్ పెట్టేశాక నాకు కూడా ముద్ద దిగలేదు. మిర్చి ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే పోతుంది. అది తినేది ఒకే ఒక్క వేలి మీద. ఆ వేలిని పాడు చేసింది నేను. ఆదివారం దాకా ఆగుదామనుకున్నాను, ఆగలేకపోయాను. క్లినిక్ మూసి స్కూటీ మీద షాదీపూర్ వెళ్ళాను. సన్నగా వాన పడుతోంది.

ముసలాయన అరుగు మీదే ఉన్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ తుడిచాడు. నేను కూచోలేదు. నాగమణిని బయటికి పిలిచాను. ఇద్దరూ ఎదురుగా ఉండగా చెప్పేశాను.

"నాగమణీ, ఆ రోజు చేప పెట్టమన్నది నేనే. బాబాయ్ ఫోన్ చేసి అడిగాడు. ఉడకబెట్టాలా అని కూడా అడిగాడు. అక్కర్లేదు, పచ్చిగానే పెట్టమన్నాను. ఆయన తప్పు గోరంత కూడా లేదు. ఆయన అడగాల్సింది అడిగాడు, నేనే చెప్పకూడనిది చెప్పాను. ఆ రోజు మీ ముందు నోరు మూసుకున్నాను, అది ఇంకా పెద్ద తప్పు."

నాగమణి మావగారి వైపు తిరిగింది. ముసలాయన కంగారుపడ్డాడు. "ఎందుకమ్మా ఇప్పుడు ఇదంతా? ఒగ్గీ."

"నువ్వెందుకు చెప్పలేదు బాబాయ్?"

"నలభై ఏళ్ళు పడవ నడిపినానమ్మా. నడిపేవోడి మీద నమ్మకం పోతే కూచున్నోళ్ళు లేచి నిలబడతారు. నిలబడితే పడవ తిరగబడిపోద్ది. వరండాలో జనం ఉన్నారు కదా. నిన్ను నమ్మి రేపు ఇంకెవలో ఇంకో జీవిని తేవాల. నన్ను నమ్మి ఎవలేటి తెస్తారు? అంచేత నామీద ఏసీసుకున్నాను. కానీ తరవాత..." అని తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. "తరవాత నాకే నమ్మకం పోయింది. నువ్వు సరేనన్నావు గానీ, పెట్టింది ఈ సెయ్యే కదా."

నాకు ఏడుపొచ్చింది. అక్కడే, వాళ్ళిద్దరి ముందే. నాగమణి అప్పుడు మాట్లాడింది. కోపంగా కూడా కాదు. "ఆరు రోజులు దీదీ. ఈయన్ని నేను ఆరు రోజులు అదోలా చూశాను. మీరు అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే..." అని లోపలికి వెళ్ళిపోయింది. మంచినీళ్ళు తెచ్చిందిగానీ నా మొహం చూడలేదు.

ముసలాయనకి అసలు సంగతి వివరంగా చెప్పాను. "మరి మా పిల్లులన్నీ సేప తలకాయలు తినే పెరిగినాయి, ఒక్కదానికీ మెడ ఒంగలేదే?" అన్నాడు.

"అవి గంజిలో ఉడికించినవి బాబాయ్. ఉడికితే ఆ విషం పోతుంది. తేడా అంతే."

ఆయన కళ్ళల్లో కొంచెం వెలుగొచ్చింది. "అయితే ఉడకబెట్టిన నెత్తల్ల నీల్లు పరవాలేదా?"

"పరవాలేదు."

"ఆడికి నెత్తల్ల వాసన మరిగిపోయింది. కోడి అంటే మొహం తిప్పీసుకుంటాడు. గేలానికి తెలిసిన ఎరే పెట్టాల గానీ కొత్త ఎర పెడితే సేప వత్తాదా? కోడి సూప్ మీద ఆ ఉడికిన నీల్లు రొండు సుక్కలు ఎయ్యి. వాసన దానిది, కూడు దీనిది."

కిబుల్ పొడి చల్లమని జూలైలో నేను చెప్పింది అదే. కానీ ఆ క్షణంలో నాకు తట్టలేదు, ఆయనకి తట్టింది. నాగమణి నాలుగు నెత్తళ్ళు నీళ్ళలో వేసి బాగా మరగబెట్టి, వడకట్టి, చల్లార్చి తెచ్చింది. సూప్‌లో కలిపింది. గిన్నె ముసలాయన ముందు పెట్టి, "మావయ్యా, మీరే పెట్టాలి. ఇంకెవరి వల్లా కాదు" అంది.

ఆయన మళ్ళీ లేచి చేతులు కడుక్కోబోయాడు. నాగమణి ఆయన మణికట్టు పట్టుకుని ఆపేసింది. "శుభ్రంగానే ఉన్నాయి" అంది. ఆయన కూర్చుని, చూపుడువేలు ముంచి, మిర్చి మూతి దగ్గరికి తీసుకెళ్ళాడు. మిర్చి వాసన చూసింది, ఆగింది, మళ్ళీ వాసన చూసింది. తర్వాత నాకింది. ఆ పూట చిన్న గిన్నెడు తిన్నది. ఆయన "తినరా నాన్నా, తిను" అంటూ భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు.

నవంబరుకి మిర్చి రెక్క ఎముక నమిలే స్థితికి వచ్చింది. తల కొంచెం ఎడమకి వంచి నడుస్తుంది, అది పోలేదు. నాగమణి నాతో మామూలుగా మాట్లాడడానికి ఇంకా ఎక్కువే పట్టింది. అందులో ఆమె తప్పేం లేదు.

ఈ కేసు గురించి తర్వాత మా తోటి డాక్టర్లకి చెప్పినప్పుడల్లా వాళ్ళు థయామిన్ గురించే అడుగుతారు. చెబుతాను. మేత మార్చేటప్పుడు ఏది అన్నది ఒక్కటే కాదు, ఎంత, ఎన్నాళ్ళు, పచ్చిదా ఉడికిందా అని అడగాలని చెబుతాను. ఫోన్లో ఎవరైనా సలహా అడిగితే చేతిలో పని దించి మాట్లాడతాను, లేకపోతే తర్వాత చేస్తానంటాను. చేప అనగానే నాలోని బెస్త పిల్లని కాసేపు కూచోబెడతాను. ఇవన్నీ నేర్చుకున్నవే. కానీ అసలు నేర్చుకున్నది ఆ శుక్రవారం షాదీపూర్ నుంచి తిరిగొచ్చాక, బట్టలు కూడా మార్చుకోకుండా మిర్చి కేస్ షీట్ తీసినప్పుడు. జబ్బుకి ముందు ఏం జరిగిందో రాసే గడిలో, ఆ శనివారం నా చేత్తో నేనే రాసుకున్న వాక్యం ఉంది: "ఇంట్లో వాళ్ళు సొంతంగా పచ్చి చేపలు పెట్టారు."

దాన్ని కొట్టేసి పక్కన రాశాను: "డాక్టరు పెట్టమంటే పెట్టారు." కింద సంతకం చేశాను. అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషాన్ని ఆరు రోజుల ముందే ఖర్చు పెట్టి ఉంటే, డెబ్భై నాలుగేళ్ళ మనిషి తన చేతిని చూసి తనే భయపడి ఉండేవాడు కాదు.